నరాల వైద్యుడు షార్కో

పారిస్ నగరంలో సాల్పెత్రియేర్ అనే పెద్ద ఆసుపత్రి కలదు. పూర్వం అది తుపాకిమందు తయారైన చోటు. 1656లో పదునాలుగవ లూయీ రాజు కాలంలో దానిని నిరుపేదలకు ఆశ్రయంగా మార్చినారు. ముసలివారు, మతి తప్పినవారు, మూర్ఛరోగులు, కాళ్లుచేతులు పడిపోయినవారు, ఇంటివారు వద్దనుకొన్న స్త్రీలందరూ అక్కడికే చేరేవారు. 1862 నాటికి వారి సంఖ్య ఇంచుమించు 5,000. బాగుపడి ఇంటికి పోయేవారు తక్కువ. అందుచేత పేరుప్రతిష్ఠలు కోరే వైద్యులు ఆ వైపు చూచేవారు కారు. జాన్ మార్టిన్ షార్కో చిన్న వైద్యునిగా అక్కడ కొంతకాలం పనిచేసి వెళ్లి, ఆ ఏడు పెద్ద వైద్యుడై తిరిగి వచ్చినారు. మరణించేవరకు ఆ చోటు విడువలేదు.

ఆయన పుట్టినది 1825 నవంబరు 29న, పారిస్‌లోనే. తండ్రి గుర్రపుబండ్లు చేసేవాడు. కుమారుడు మితభాషి, బొమ్మలు గీయడంలో దిట్ట. ఆ చిత్రకారుని కన్నే తరువాత వైద్యునికి అక్కరకు వచ్చినది. రోగిని ఎదుట కూర్చుండబెట్టుకొని, పెదవి కదపకుండ చాలసేపు చూచేవారు. ఒక ప్రశ్న అడిగి మళ్లీ చూచేవారు. ఆ పిమ్మట అటువంటి లక్షణాలే ఉన్న మరొక రోగిని పిలిపించి, ఇద్దరినీ పోల్చేవారు.

చేయి వణికితే వాతమని, నడక తూలితే గాలి సోకినదని అనుకోవడం మన కరీంనగర్, ఆదిలాబాదు పల్లెలకు కొత్త కాదు. నూటయాభై ఏండ్లకు పూర్వం పారిస్ వైద్యుల స్థితియు అంతకంటె ఎంతో మెరుగని చెప్పలేము. వణుకుతో కూడిన రోగాలన్నింటినీ వారు ఒకే గాట కట్టేవారు.

షార్కో ఇంట ఒక పరిచారిక ఉండేది. ఆమె చేతులు విచిత్రంగా వణికేవి. ఎక్కడా ఆమెకు పని నిలువలేదు. షార్కో మాత్రం ఆమెను పనిలో పెట్టుకొన్నారు. ఆమె చేతినుండి జారి పగిలిన పింగాణి పళ్లేల ఖర్చు తక్కువ కాదు. అయినా ఏండ్ల తరబడి భరించినారు. ఆమె మరణించిన తరువాత శవపరీక్ష చేయగా, మెదడులోను వెన్నుపాములోను అక్కడక్కడ గట్టిపడిన మచ్చలు కనిపించినవి. ఆ వణుకునకు మూలం అదియే. ఆయన చేసినది జాలియా, జిజ్ఞాసయా? రెండునూ అని నా తలంపు. ఆమెకు కూడు, నీడ దొరికినవి. ఆయనకు ఒక రోగరహస్యం దొరికినది. ఈ లెక్కలో ఎవరు ఎవరికి ఋణపడినారో తేల్చడం సులభం కాదు.

అట్టి మచ్చలను 1830ల నాడే కార్స్‌వెల్, క్రూవెయే అనే వైద్యులు చూచి బొమ్మలు గీయించి ఉండినారు. కాని బ్రతికి ఉన్న మనిషిలో ఆ రోగాన్ని గుర్తుపట్టడమెట్లో స్పష్టంగా చెప్పినవాడు షార్కో. 1868లో ఆయన దానికి ఒక రూపం, ఒక పేరు ఇచ్చినారు. ఇంగ్లీషులో నేడు మనం మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటున్నది దానినే. కనుగుడ్ల అదురు, ముక్కముక్కలుగా తెగే మాట, పని చేయబోతే పుట్టే వణుకు అనే మూడు గుర్తులు ఆయన చూపినవే. పార్కిన్సన్ రోగి చేయి ఒడిలో ఊరక ఉన్నప్పుడు వణకుతుంది. ఈ రోగి చేయి అట్లు కాదు. నీళ్ల గ్లాసును నోటికి ఎత్తుకొనేటప్పుడు వణకుతుంది, పెదవులు దగ్గర పడినకొద్దీ నీళ్లు ఒలుకుతవి. ఇంత చిన్న తేడా అంతవరకు పెద్దపెద్ద పండితుల కంట పడలేదు! సూక్ష్మదర్శినిలో ఆయన మరొకటి చూచినారు. విద్యుత్తు తీగకు తొడుగు ఉన్నట్లు నరపు పోగుకూ ఒక తొడుగు ఉన్నది. ఈ వ్యాధిలో తొడుగు పోతున్నది, లోపలి పోగు చాలవరకు మిగులుతున్నది.

మందు మాట? వెండి లవణాలు, బంగారు లవణాలు, ముష్టి గింజల సత్తు, అన్నీ వాడి చూచినారు. ఏదియు పనిచేయలేదని దాచక చెప్పినారు. అంతటి పేరున్న వైద్యుడు అట్లు ఒప్పుకొనడం నాకు ఆయన కనుగొన్న విషయాలంత గొప్పగా తోచును.

1882లో ప్రభుత్వం ఆయనకై నరాల వ్యాధులకు ప్రత్యేక ఆచార్యపదవి ఏర్పరచినది. 1885లో వియన్నా నుండి ఫ్రాయిడ్ వచ్చి కొన్ని నెలలు శిష్యరికం చేసినాడు. బాబిన్‌స్కీ, పియేర్ మారీ వంటి వారు ఆయన నీడలో పెరిగినవారే. అయితే ఆ వెలుగులోనే ఒక మచ్చ కలదు. హిస్టీరియా రోగులైన స్త్రీలను సభలో నిలిపి, వశీకరణ నిద్రలో ముంచి చూపే ప్రదర్శనలకు ఊరు ఊరంతా వచ్చేది. చూపిన లక్షణాలలో కొన్ని గురువు కోరినందువలన పుట్టినవే అని పిదప తేలినది. ఆ రోగాన్ని నిర్ధారించే మచ్చ శవపరీక్షలో దొరకదు. ఆయన కంటికి సాక్ష్యమిచ్చే సూక్ష్మదర్శిని అక్కడ లేకపోయినది. మచ్చల రోగాన్ని పట్టిన కన్నే ఇక్కడ మోసపోయినది.

1893 ఆగస్టు 16న, శిష్యులతో విహారయాత్రలో ఉండగా, మోర్వాన్ ప్రాంతంలో ఒక సరస్సు ఒడ్డున గుండె నీరసించి మరణించినారు. వయస్సు 67.

ఈ రోగం మన దేశంలో చాల అరుదని ఎంతోకాలం అనుకొన్నారు. ఎం.ఆర్.ఐ. వచ్చిన తరువాత తలచినదానికంటె ఎక్కువ మందిలో బయటపడినది. రోగపు ఉద్రేకాలను తగ్గించే ఇంటర్‌ఫెరాన్ అనే సూదిమందుకు 1993లో అమెరికాలో అనుమతి లభించినది. అప్పటికి షార్కో పోయి సరిగా నూరేండ్లు. పూర్తిగా నయంచేసే మందు నేటికీ లేదు. మన ఊళ్లలోను నరాల వైద్యుడు ఇప్పటికీ రోగిని తన చూపుడువేలితో ముక్కు తాకమంటాడు. వేలు ముక్కును చేరేలోపల వణికినదా లేదా అని చూస్తాడు.