చీలిన జట్టును కూడగట్టి గెలిపించిన కిషన్‌లాల్

దేశ విభజన నాడు చీలింది ఇళ్లు, పొలాలు, బంధుత్వాలే కాదు. హాకీ జట్టు కూడా చీలింది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్, 1932లో లాస్ ఏంజెలిస్, 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో వరుసగా మూడు బంగారు పతకాలు తెచ్చిన జట్టు అది. 1947 ఆగస్టు వచ్చేసరికి అందులో ఆడగల వారిలో కొందరు సరిహద్దుకు అటు, కొందరు ఇటు అయ్యారు. మరో ఏడాదిలో లండన్ ఒలింపిక్స్. ఆ కొద్ది వ్యవధిలో మిగిలిన వారితోనే కొత్త జట్టు కట్టాల్సి వచ్చింది. ఆ జట్టుకు నాయకుడై స్వతంత్ర భారతదేశానికి తొలి ఒలింపిక్ బంగారు పతకం అందించిన వాడు కిషన్‌లాల్.

ధ్యాన్‌చంద్ పేరు తెలియని వారు ఉండరు. కిషన్‌లాల్ పేరు అంతగా వినపడదు. కానీ ధ్యాన్‌చంద్ చేతికి వచ్చినది గెలవటం అలవాటైన జట్టు. కిషన్‌లాల్ చేతికి వచ్చినది సగానికి సగం ఖాళీ అయిన జట్టు.

మౌ కంటోన్మెంటు కుర్రవాడు

కిషన్‌లాల్ 1917 ఫిబ్రవరి 2వ తేదీన ఇండోర్ సమీపంలోని మౌ పట్టణంలో పుట్టాడు. అది పటాలాలు మకాం వేసే కంటోన్మెంటు ఊరు. చిన్నతనంలో అతని మోజంతా గుర్రాలమీద ఎక్కి ఆడే పోలో మీద ఉండేది. పద్నాలుగో ఏట హాకీ కర్ర పట్టాడు. మౌ హీరోస్, మౌ గ్రీన్ వాల్స్ వంటి స్థానిక జట్లలో ఆడి పేరు తెచ్చుకున్నాడు.

ఆ రోజుల్లో హాకీ ఆటగాడికి ఆట వల్ల జీతం వచ్చేది కాదు. జట్లు ఆటగాళ్లను డబ్బు పోసి కొనుక్కునే పద్ధతీ లేదు. మంచి ఆటగాడు కంటబడితే సంస్థానాధీశులు, బట్టల మిల్లులు, రైల్వేలు, పోలీసు శాఖలు పిలిచి ఉద్యోగం ఇచ్చేవి. ఉద్యోగం ఎక్కడ దొరికితే ఆట అక్కడ. జట్లు బలపడినా, బలహీనపడినా అదే కారణం. కిషన్‌లాల్ కూడా ఆ దారినే నడిచాడు. టీకమ్‌గఢ్ సంస్థానంలోని భగవంత్ క్లబ్బుకు ఆడాడు. తరువాత ఇండోర్‌లోని కల్యాణ్‌మల్ మిల్లు జట్టులో ఆడాడు. 1941లో బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వేలో చేరాడు. ఇప్పటి పశ్చిమ రైల్వేలో ఎక్కువ భాగం అదే.

మైదానంలో అతని చోటు కుడివైపు చివర. రైట్ వింగర్ అంటారు. బంతిని గీత వెంబడి వేగంగా తీసుకుపోయి, మధ్యలో ఉన్న తోటి వారికి గోల్ ముందు అందించటం ఆ స్థానంలోని వాడి పని. పేరు గోల్ కొట్టిన వాడికి వస్తుంది. శ్రమ వింగర్‌ది. ఆ పనిలో కిషన్‌లాల్‌ను మించిన వారు దేశంలో అరుదు.

అయితే కాలం కలిసి రాలేదు. రెండవ ప్రపంచ యుద్ధం మూలంగా 1940, 1944 ఒలింపిక్స్ రెండూ రద్దయ్యాయి. ఆటగాడికి నిండు వయస్సు అయిన ఇరవై మూడు నుంచి ఇరవై ఏడేళ్ల కాలం అలా గడచిపోయింది. 1948 నాటికి అతనికి ముప్ఫై ఒక్క ఏళ్లు.

ఎవరు పోయారు, ఎవరు మిగిలారు

అవిభక్త భారత హాకీకి పంజాబు పెట్టని కోట. లాహోరు కళాశాలల నుంచి, పంజాబు పోలీసు నుంచి ఏటా కొత్త ఆటగాళ్లు వచ్చేవారు. విభజనతో లాహోరు అటు పోయింది. 1936లో బెర్లిన్‌లో భారత్ తరఫున ఆడి బంగారు పతకం అందుకున్న ఎ.ఐ.ఎస్. దారా 1948లో పాకిస్తాన్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. 1932లో భారత జట్టుకు నాయకత్వం వహించిన లాల్ షా బొఖారీ కూడా పాకిస్తాన్ వెళ్లిపోయాడు.

ఇది ఒక దెబ్బ. రెండవ దెబ్బ ఆంగ్లో ఇండియన్ల వలస. రైల్వే కాలనీల నుంచి, మిషన్ స్కూళ్ల నుంచి వచ్చిన ఆంగ్లో ఇండియన్ యువకులు మొదటి నుంచి భారత హాకీకి వెన్నెముక వంటివారు. స్వాతంత్ర్యం వచ్చే సమయానికి వారిలో చాలామంది దేశం విడిచిపోసాగారు. జబల్పూరుకు చెందిన పియర్స్ సోదరులు ఐదుగురు 1947లో ఆస్ట్రేలియా చేరారు. తరువాత వారిలో కొందరు ఆ దేశం తరఫున ఒలింపిక్స్ ఆడారు.

పోయిన వారుండగా వచ్చిన వారూ ఉన్నారు. లాహోరులో పుట్టి పెరిగిన కేశవదత్, లయాల్‌పూర్‌లో పుట్టిన గ్రహనందన్ సింగ్ పుట్టిన ఊళ్లు విడిచి ఇటు వచ్చారు. పంజాబు పోలీసులో ఉన్న బల్బీర్ సింగ్ ఇటే ఉండిపోయాడు. ఊరూ ఇల్లూ పోయిన వారికి హాకీ కర్ర ఒక్కటే మిగిలిన ఆస్తి.

1947 చివరిలో ధ్యాన్‌చంద్ నాయకత్వంలో భారత జట్టు తూర్పు ఆఫ్రికా పర్యటనకు వెళ్లింది. ధ్యాన్‌చంద్ వయస్సు అప్పటికే నలభై దాటింది. ఆ పర్యటనలో వైస్ కెప్టెన్ కిషన్‌లాల్.  పాతతరం చేతి నుంచి కొత్తతరం చేతికి జట్టు మారింది అక్కడే అనుకోవచ్చు. లండన్ వెళ్లే జట్టుకు కిషన్‌లాల్‌ను కెప్టెన్‌గా, లక్నో ప్రాంతానికి చెందిన కె.డి. సింగ్ బాబును వైస్ కెప్టెన్‌గా ఎంపిక చేశారు.

ఇరవై మంది కూర్పు

హాకీ సమాఖ్య అధ్యక్షుడు నావల్ టాటా. జట్టులో ఇరవై మంది. పంజాబు బలం తగ్గింది కాబట్టి ఎక్కువ భారం బొంబాయి మీద పడింది. గోల్ కీపర్ లియో పింటో, హాఫ్ బ్యాక్ మాక్సీ వాజ్, ఎడమ వింగ్‌లో లారీ ఫెర్నాండెజ్ ఆ నగరం వారే. కలకత్తా నుంచి పాట్ జాన్సెన్ వచ్చాడు. మన వాల్తేరు వరకు నడిచిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఆట నేర్చిన లెస్లీ క్లాడియస్ వచ్చాడు. మద్రాసు నుంచి రంగనాథన్ ఫ్రాన్సిస్, భోపాల్ నుంచి లతీఫ్ ఉర్ రెహమాన్, అఖ్తర్ హుస్సేన్ వచ్చారు. హిందువు, సిక్కు, ముస్లిం, క్రైస్తవుడు, గోవావాసి, ఆంగ్లో ఇండియన్ అందరూ ఒకే జట్టులో ఉన్నారు. దేశంలో మత కలహాల నెత్తురు ఇంకా ఆరని రోజులవి.

అప్పటి హాకీ పద్ధతి ఇప్పటి వారికి కొంత చెప్పాలి. గోల్ కీపర్, ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు ఆడేవారు. ఆట మొదలైన తరువాత ఒకరి బదులు మరొకరిని దింపే వీలు లేదు. కాలు మడతపడినా, ఊపిరి అందకపోయినా ఆ పదకొండుగురే చివరి వరకు ఆడాలి. కాబట్టి ఇరవై మందిలో ఏ పదకొండుగురిని దింపాలి, ఎవరి పక్కన ఎవరిని నిలపాలి అనేది ఆటకు ముందే తేలాలి. పొరపాటు జరిగితే మధ్యలో దిద్దుకునే దారి లేదు.

ముందు వరుసలో కుడివైపు మాత్రం చిక్కు లేదు. చివర కిషన్‌లాల్, పక్కన బాబు. ఇద్దరూ ఒకరి మనసు ఒకరు ఎరిగి ఆడగలవారు. చిక్కంతా మధ్యలో, సెంటర్ ఫార్వర్డ్ దగ్గర వచ్చింది. ధ్యాన్‌చంద్ నిలిచిన చోటు అది.

లండన్‌లో పరీక్ష

తొలి ఆటలో ఆస్ట్రియాను 8-0తో ఓడించారు. రెండవ ఆట అర్జెంటీనాతో. ఆ ఆటకు బల్బీర్ సింగ్‌కు అవకాశం వచ్చింది. ఒలింపిక్స్‌లో అతనికి అది మొదటి ఆట. ఆరు గోల్స్ కొట్టాడు. భారత్ 9-1తో గెలిచింది.

అంతటి ఆట ఆడిన వాడికి తరువాతి ఆటలో చోటు తప్పనిసరి అని ఎవరైనా అనుకుంటారు. కానీ స్పెయిన్‌తో ఆటలో బల్బీర్ లేడు. భారత్ 2-0తో గెలిచింది. హాలెండ్‌తో సెమీ ఫైనల్‌లోనూ బల్బీర్ లేడు. 2-1తో గట్టెక్కింది. తొలి రెండు ఆటల్లో పదిహేడు గోల్స్ కొట్టిన జట్టు తరువాతి రెండు ఆటల్లో నాలుగే కొట్టింది. ఇరవై మందికీ అవకాశం ఇవ్వాలనే ఆలోచన ఒకవైపు, బలమైన జట్టునే దింపాలనే వాదన మరొకవైపు ఉండటం ఏ జట్టులోనైనా మామూలే. బల్బీర్‌ను పక్కన పెట్టటం మీద లండన్‌లోని భారతీయ విద్యార్థులు మండిపడ్డారు. మన హైకమిషనర్ వి.కె. కృష్ణమీనన్ దగ్గరకు వెళ్లి గట్టిగా అడిగారు. ఫైనల్ ఆటకు బల్బీర్‌కు చోటు దక్కింది.

రెండవ సెమీ ఫైనల్‌లో దారా నాయకత్వంలోని పాకిస్తాన్ 2-0తో బ్రిటన్ చేతిలో ఓడింది. అందువల్ల ఫైనల్‌లో భారత్‌కు ఎదురుగా నిలిచింది బ్రిటన్. భారత్ మూడు పతకాలు గెలిచిన కాలంలో బ్రిటన్ ఒక్కసారి కూడా ఒలింపిక్ హాకీలో దిగలేదు. 1920లో బంగారు పతకం గెలిచిన దేశం తరువాత మూడు ఒలింపిక్స్‌లో హాకీ ఆడలేదు. తమ ఏలుబడిలోని దేశం చేతిలో ఓడటం ఇష్టం లేకనే అలా తప్పుకున్నారని మనవారు చెప్పుకునేవారు. ఇప్పుడు ఏలుబడి పోయింది. ఇరు జట్లూ ఎదురెదురు నిలిచాయి.

1948 ఆగస్టు 12వ తేదీ. వెంబ్లీ మైదానం. వాన పడి నేల మెత్తబడింది. గట్టి నేలమీద బంతిని పరుగెత్తించటం అలవాటైన మన వారికి ఆ బురద అడ్డు. చిన్న చిన్న పాసులతో ఆడితే బంతి ఆగిపోతుంది. బూట్లు జారుతున్నాయని కిషన్‌లాల్, బాబు వాటిని విప్పి ఉత్త కాళ్లతో ఆడారని చెబుతారు.

ఆనాడు దిగిన పదకొండుగురు వీరు. గోల్‌లో పింటో. బ్యాక్‌లుగా త్రిలోచన్ సింగ్, రణధీర్ సింగ్ జెంటిల్. హాఫ్ వరుసలో కేశవదత్, అమీర్ కుమార్, మాక్సీ వాజ్. ముందు వరుసలో కిషన్‌లాల్, బాబు, బల్బీర్, జాన్సెన్, ఫెర్నాండెజ్. బల్బీర్ రెండు గోల్స్, జాన్సెన్ ఒకటి, త్రిలోచన్ ఒకటి కొట్టారు. భారత్ 4-0తో గెలిచింది. నిన్నటి పాలకుల రాజధానిలో, వారి జట్టునే ఓడించిన తరువాత, మూడు రంగుల జెండా ఒలింపిక్ స్తంభం మీద మొదటిసారి ఎగిరింది. తొలి స్వాతంత్ర్య వార్షికోత్సవానికి ఇంకా మూడు రోజులుంది. గోల్స్ కొట్టిన వారి పట్టికలో ఆ రోజు కెప్టెన్ పేరు లేదు.

ఆ జట్టు నుంచి ముగ్గురు కెప్టెన్లు

కిషన్‌లాల్ మళ్లీ ఒలింపిక్స్ ఆడలేదు. కానీ ఆయన కెప్టెన్‌గా ఉన్న జట్టు ఒక్క పతకంతో ఆగలేదు. 1952లో హెల్సింకీలో కెప్టెన్ బాబు. 1956లో మెల్‌బోర్న్‌లో కెప్టెన్ బల్బీర్ సింగ్. రెండింట్లోనూ బంగారు పతకమే. 1960లో రోమ్‌లో రజతం తెచ్చిన జట్టుకు కెప్టెన్ క్లాడియస్. ముగ్గురూ 1948 నాటి ఇరవై మందిలోని వారే. అందులో క్లాడియస్‌కు లండన్‌లో ఆడే అవకాశం వచ్చింది ఒక్క ఆటలోనే. తొందరలో కట్టిన జట్టు పన్నెండేళ్ల పాటు దేశానికి నాయకులను ఇచ్చింది.

చీలిక బాధ మాత్రం అక్కడితో పోలేదు. లండన్‌లో భారత్ తరఫున బంగారు పతకం గెలిచిన లతీఫ్ ఉర్ రెహమాన్, అఖ్తర్ హుస్సేన్ తరువాత పాకిస్తాన్ వెళ్లిపోయారు. 1956 మెల్‌బోర్న్ ఫైనల్‌లో భారత్, పాకిస్తాన్ తలపడ్డాయి. ఆ ఇద్దరూ పాకిస్తాన్ జట్టు సభ్యులు. భారత్ 1-0తో గెలిచింది. ఆ ఒక్క గోల్ కొట్టిన వాడు వారి పాత సహచరుడు రణధీర్ సింగ్ జెంటిల్. ఎనిమిదేళ్ల క్రితం ఒకే జెండా కింద నిలిచిన వారు ఆనాడు ఎదురెదురు జట్ల వారయ్యారు.

రైల్వేలోనే ఆఖరు వరకు

ఆట విరమించిన తరువాత కిషన్‌లాల్ రైల్వే ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చాడు. తనకు ఉద్యోగం ఇచ్చి నిలబెట్టిన సంస్థకు ఆ విధంగా రుణం తీర్చుకున్నాడు. ఊరూరి నుంచి ఉద్యోగాలకు వచ్చిన కుర్రవాళ్లను ఒక జట్టుగా తీర్చిదిద్దటం ఆయనకు కొత్త పని కాదు. కుర్ర ఆటగాళ్లు ఆయనను దాదా అని పిలిచేవారు. 1966లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది.

1980 జూన్‌లో మురుగప్ప గోల్డ్ కప్ హాకీ పోటీలకని మద్రాసు వెళ్లి అక్కడే కన్నుమూశాడు. వయస్సు అరవై మూడు. చివరి ప్రయాణం కూడా హాకీ కోసమే.

మన ఊళ్లలోనూ ఏటా జట్లు విడిపోతుంటాయి. చదువుకని ఒకరు, ఉద్యోగానికని మరొకరు వెళ్లిపోతే ఈ ఏడు జట్టు లేదని చేతులు ముడుచుకునే వారు ఎక్కువ. పోయిన వారిని తలచుకుంటూ కూర్చోక, మిగిలిన వారిలో ఎవరిని ఎక్కడ నిలపాలో చూసుకున్న వాడు కిషన్‌లాల్. వెంబ్లీ బురదలో ఆనాడు గెలిచింది ఆ కూర్పే.