బూడిద ఏడాదిలో హజ్రత్ ఉమర్ (రజి)

ఇంట్లో కొన్ని నెలలకు సరిపడా తిండిగింజలు, తాగునీరు సిద్ధం చేసి పెట్టుకుంటే అల్లాహ్‌పై భరోసా తగ్గినట్టేనా అని కొందరు సోదరులు అడుగుతుంటారు. మరికొందరైతే దాచి ఉంచడమంటేనే అక్రమ నిల్వ అనుకుంటారు. రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి) జీవితం చదివినవారికి ఈ రెండు సందేహాలూ మిగలవు.

ఆయన ఖురైష్ తెగలోని బనూ అదీ వంశీయులు. మొదట ఇస్లాంకు బద్ధవిరోధి. తర్వాత ఇస్లాం స్వీకరించారు. హిజ్రీ 13 (క్రీ.శ. 634)లో హజ్రత్ అబూబక్ర్ (రజి) మరణానంతరం ఖలీఫా అయ్యారు. ఇదంతా పాఠకులకు తెలిసిందే. చాలామంది గమనించని విషయం మరొకటుంది. దైవప్రవక్త (స) బనూ నజీర్ తోటల ఖర్జూరాలను అమ్మి, తమ ఇంటివారి కోసం ఏడాది తిండి తీసి ఉంచేవారన్న బుఖారీ హదీసును ఉల్లేఖించింది ఈ ఉమర్ (రజి) గారే. అల్లాహ్‌పై ఆయన (స) కంటే ఎక్కువ భరోసా ఎవరికుంటుంది? అలాగని ఆ ఇంట్లో ఏడాది పొడుగునా పొయ్యి వెలిగేదనుకోకూడదు. అవసరంలో ఉన్నవారు గుమ్మంలోకి వస్తే ఆ తీసి ఉంచినదే వాళ్ళకు వెళ్ళిపోయేది.

హిజ్రీ 17లో ఉమర్ (రజి) ఉమ్రా కోసం మక్కా వెళుతుండగా, దారిలోని నీటి వనరుల యజమానులు మజిలీల దగ్గర ఇళ్ళు కట్టుకుంటామని అనుమతి అడిగారు. ఆయన ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. నీటి మీదా, నీడ మీదా బాటసారికే ముందు హక్కు ఉండాలి.

ఆ మరుసటి ఏడే, అంటే హిజ్రీ 18 (క్రీ.శ. 639)లో, హిజాజ్ ప్రాంతంలో వాన చుక్క పడలేదు. నేల మాడి బూడిద రంగుకు తిరిగింది. అందుకే అరబ్బులు దాన్ని ఆముర్రమాదా, బూడిద ఏడాది అన్నారు. గొర్రెను కోస్తే తినడానికి మాంసం ఉండేది కాదు. ఎడారి తెగలు పిల్లాపాపలతో మదీనా చుట్టూ వచ్చి దిగాయి. ఉమర్ (రజి) పెద్ద పెద్ద కుండలు ఎక్కించి వంటలు చేయించారు. ఒక రాత్రి లెక్క పెట్టిస్తే పంక్తిలో తిన్నవారు ఏడు వేలమంది, రాలేని రోగులు, పిల్లలు మొదలైనవారు నలభై వేలమంది తేలారని ఇబ్నె సఅద్ నమోదు చేశారు. ప్రజలకు మంచి రోజులు వచ్చేదాకా తాను నెయ్యి, మాంసం ముట్టనని ఖలీఫా ప్రతిజ్ఞ చేశారు. నూనెతోనే గడుపుతూ ఉంటే తెల్లని ఆయన మేనిఛాయ నల్లబడిపోయింది.

సిరియా నుంచి హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాలుగు వేల ఒంటెల మీద ఆహారం తెచ్చారు. అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఈజిప్టు నుంచి పంపారని కొన్ని పుస్తకాల్లో కనిపిస్తుంది గానీ, ఈజిప్టు జయం పూర్తయింది ఆ తర్వాతే. కరువునాటికి ఆయన పాలస్తీనా వైపు ఉన్నారనుకోవడమే సబబు. ఆ ఏడు జకాత్ వసూలుదారులను కూడా ఖలీఫా పంపలేదు. మరుసటి ఏడు రెండేళ్ళదీ కలిపి తీసుకున్నారు.

చివరికి దైవప్రవక్త (స) బాబాయి హజ్రత్ అబ్బాస్ (రజి)ను ముందు నిలిపి వానకోసం దుఆ చేయించారు. వాన కురిసింది. అప్పుడు ఆయన మనసులోని మాట బయటపెట్టారు. వాన రాకపోయి ఉంటే, తిండి ఉన్న ప్రతి ముస్లిం ఇంట్లోనూ ఆ ఇంటివారు ఎందరో అందరు పేదలను చేర్చేవారట. అర్ధాకలితో మనిషి చావడు కదా అన్నది ఆయన లెక్క. మన ఇంటి బియ్యం డబ్బా విషయంలో ఈ లెక్క ఎంతమందికి గుర్తొస్తుంది?

బజారు విషయంలో మాత్రం ఆయన కఠినంగా ఉండేవారు. చేతిలో అదనపు డబ్బున్నవారు మదీనాకు వచ్చిన సరుకంతా కొని ధర పెరిగేదాకా బిగబట్టడాన్ని ఆయన నిషేధించారు. ఎండనకా చలనకా మోసుకొచ్చే బయటి వర్తకుడిని తన అతిథిగా భావించి, అమ్ముకోవడమో ఉంచుకోవడమో అతని ఇష్టానికే వదిలేశారు. ధర్మశాస్త్రంలో ఇంటి కోసం దాచుకోవడాన్ని ఇద్దిఖార్ అనీ, జనం అవసరాన్ని సొమ్ము చేసుకునే నిల్వను ఇహ్‌తికార్ అనీ వేరు చేస్తారు. మొదటిది ధర్మసమ్మతం, రెండోది పాపం.

పిండి, సత్తుపిండి, ఖర్జూరం, ఎండుద్రాక్ష నిల్వ ఉంచడానికి ఆయన దారుద్దఖీఖ్ (పిండి ఇల్లు) అనే గిడ్డంగి ఏర్పాటు చేశారు. దారిలో చిక్కుకున్న ప్రయాణికులకూ, అతిథులకూ అందులోంచే ఇచ్చేవారు. ఈజిప్టు వశమయ్యాక నైలు నుంచి ఎర్రసముద్రం దాకా పూడిపోయి ఉన్న పాత కాలువను అమ్ర్ (రజి) చేత తవ్వించారు. ధాన్యం పడవలు మదీనా రేవు జార్‌కు రాసాగాయి. ఉమర్ (రజి) హిజ్రీ 23 (క్రీ.శ. 644)లో షహీదయ్యారు. కాలువ మాత్రం వందేళ్ళకు పైగా నడిచింది. హిజ్రీ 145లో మదీనాలో తిరుగుబాటు లేచినప్పుడు, అక్కడికి తిండి అందకూడదని అబ్బాసీ ఖలీఫా మన్సూర్ దాన్ని పూడ్పించాడు.