మెట్రిక్ తప్పారు.. మందులు కనిపెట్టారు

మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఓ తెలుగు కుర్రాడు మద్రాసు వచ్చి, ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి గట్టెక్కాడు. ఆ కుర్రాడే ప్రపంచం మెచ్చిన శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస అంతంతే. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలి వెళ్తే పట్టుకొచ్చారు. తండ్రి పోయాక తల్లి వెంకమ్మ నగలు అమ్మి మరీ చదివించారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. అమ్మ ససేమిరా అంది. మఠం పెద్దలు కూడా వైద్యం చదివి జనానికి సేవ చేయమని నచ్చజెప్పారు.

అలా మద్రాసు మెడికల్ కాలేజీలో అడుగుపెట్టారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టడంతో సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. ఎంబీబీఎస్ చేజారి, చివరికి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో మనిషి కృశించిపోయే స్ప్రూ జబ్బుకు సోదరులిద్దరూ రోజుల తేడాతో బలైపోయారు. అప్పటికి దానికి సరైన మందే లేదు.

కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పి, 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. ఖర్చులకు చేతిలో డబ్బుల్లేవు. బోస్టన్‌లో ఆస్పత్రిలో రాత్రిపూట చిన్నా చితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు.

ఆయన్ను నిలబెట్టింది మాత్రం కెమిస్ట్రీ. డాక్టర్ కావాలంటే జువాలజీ ఒక్కటి బట్టీపడితే చాలు, కెమిస్ట్రీ మార్కుల కోసమే అనుకునే పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు. సుబ్బారావు కథ అందుకు పూర్తిగా ఎదురు. ప్రొఫెసర్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. మాలిబ్డేట్, మరో రసాయనం కలిపితే ద్రవం నీలంగా మారుతుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. చూడ్డానికి స్కూలు ల్యాబ్ ప్రయోగంలా ఉంటుంది. కానీ ఆ కొలత పట్టుకునే కండరాల్లో శక్తి గుట్టు వెతికారు. ఒంట్లోని ప్రతి కణమూ ఖర్చు పెట్టుకునే ఏటీపీని 1929లో బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా దాన్ని కనుగొన్నారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ముల్ని పొట్టనబెట్టుకున్న స్ప్రూకు చివరికి అదే మందైంది. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది ఆ ల్యాబ్ నుంచే. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌పై బోస్టన్ డాక్టర్ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ కూడా అక్కడిదే.

1948 ఆగస్టులో 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు. అమెరికా వెళ్లాక మళ్లీ ఇంటిముఖం చూడలేదు. ఇక్కడ భార్య శేషగిరి ఎదురుచూపులు ఎదురుచూపులుగానే మిగిలిపోయాయి. ఆయన ల్యాబ్ నుంచి వచ్చిన డీఈసీ మాత్రలు మాత్రం తిరిగి వచ్చాయి. బోదకాలు నివారణకు 2004 నుంచి మన దేశంలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించినవి ఆ మాత్రలే.