సవర నేర్చుకున్న పంతులుగారు: గిడుగు వెంకట రామమూర్తి (1863–1940)



ఏటా ఆగస్టు 29న మీ స్కూల్లోనో కాలేజీలోనో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటోకి దండ వేసి, వాడుక భాష కోసం పోరాడిన మహనీయుడని నలుగురు మాట్లాడతారు. ఆ మాట నిజమే. అయితే అది ఆయన జీవితంలో సగమే. తెలుగు గురించి వాదనకు దిగకముందే ఆయన మన సవర భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ పని చివరి రోజుల దాకా విడిచిపెట్టలేదు. ఈ రెండో సగం మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పుట్టింది మన జిల్లాలోనే

ఆయన 1863 ఆగస్టు 29న, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గరున్న పర్వతాలపేటలో పుట్టారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. 1875లో తండ్రి చనిపోయేసరికి పిల్లవాడికి పన్నెండేళ్ళు. బంధువుల ఇంట ఉండి చదువుకుని 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆ మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు.

పర్లాకిమిడి మనకు దూరం కాదు. పలాసలో బండెక్కి నౌపడలో మారితే టెక్కలి, పాతపట్నం మీదుగా అక్కడికి చేరుకోవచ్చు. ఆ లైను చిన్న పట్టాల మీద 1900లో మొదలైంది. పంతులుగారు అక్కడికి వెళ్ళింది అంతకు ఇరవై ఏళ్ళ ముందు.

ఉద్యోగం చేస్తూనే ఆయన ప్రైవేటుగా చదివి 1896లో బి.ఏ. పాసయ్యారు. సొంత ఊరి పక్కనున్న ముఖలింగం గుడి శాసనాలు చదవడానికి పాత లిపులు తమంతట తామే నేర్చుకున్నారు. గంగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. నడగాం రాగి శాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించారు. ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడు కాదు. బడిపంతులు ఉద్యోగంలో ఉండే ఇంత పరిశోధన చేశారు.

కొండ దిగివచ్చిన మాట

పర్లాకిమిడి చుట్టూ సవర కొండలే. సంతకు చింతపండు, పసుపు తెచ్చే సవరలు ఒక భాష మాట్లాడేవారు. దానికి పుస్తకం లేదు, బడి లేదు. కింద ఊళ్ళవాళ్ళు అది భాషే కాదనుకునేవారు. పంతులుగారు అలా అనుకోలేదు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఒక్కొక్క మాటే నేర్చుకున్నారు. తర్వాత తామే సవర ఊళ్ళకు వెళ్ళి తిరిగారు. ఆ తిరుగుళ్ళలో మన్యం జ్వరం పట్టుకుంటే క్వినైన్ వాడారనీ, దానివల్లే వినికిడి దెబ్బతిన్నదనీ చెబుతారు. భాషను చెవితో నేర్చుకున్న మనిషి చెవినే పోగొట్టుకున్నారు.

ఆయన విన్న భాష ఎంత గట్టిదో ఒక ఉదాహరణ చెబుతాను. మన లెక్కే చూడండి. తెలుగులో పదమూడంటే పది, మూడు. సవరలో పన్నెండు దాటితే పన్నెండు-ఒకటి, పన్నెండు-రెండు అంటూ పంతొమ్మిది దాకా పోతాం. అక్కడినుంచి ఇరవైల లెక్క. ముప్పై అంటే ఇరవై-పది. ముప్పై మూడంటే ఇరవై-పన్నెండు-ఒకటి. ఇలా లెక్కపెట్టే భాషలు ప్రపంచంలో బహు అరుదు. గొంతులో ఠక్కున ఆగిపోయే ధ్వని ఒకటి మనకుంది. దానికి తెలుగులో అక్షరమే లేదు. పేరును క్రియలోనే కలిపేసి ఒక వాక్యమంత అర్థాన్ని ఒక్క మాటలో చెప్పగల భాష మనది. ఇది తెలుగుకు గాని ఒడియాకు గాని పుట్టిన పిల్ల కాదు. ముండా భాషల కుటుంబం. సంతాలీ, ముండారీ దీనికి దగ్గరి చుట్టాలు. కంబోడియాలోని ఖ్మేరు, వియత్నామీ భాషలు దూరపు చుట్టాలు.

ఈ ధ్వనుల్ని ఉన్నవి ఉన్నట్టు రాయడానికి పంతులుగారు ధ్వనిశాస్త్రం చదివారు. సవరలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వం ఆయనకు 1913లో రావు సాహెబ్ బిరుదు ఇచ్చింది. పెద్ద పుస్తకాలు మాత్రం ముసలితనంలోనే వచ్చాయి. 1931లో సవర వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. చివరిది వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్ళు.

సవర నుంచి తెలుగుకు

1911లో ఉద్యోగ విరమణ చేసేనాటికే ఆయన తెలుగు పోరాటంలో ఉన్నారు. అప్పట్లో స్కూలు పుస్తకాల్లోనూ పరీక్షల్లోనూ గ్రాంథికమే రాయాలి. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే తెలుగు రాస్తే తప్పు. పాఠశాలల అధికారి జె.ఏ. యేట్స్, గురజాడ అప్పారావుగారు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగువారు కలిసి ఈ పద్ధతిని ప్రశ్నించారు. గిడుగువారు ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు. పండితులు ఎదిరించారు. ఆయన బతికుండగా విశ్వవిద్యాలయాలు పూర్తిగా ఒప్పుకోలేదు. చాలా ఏళ్ళ తర్వాతే పరీక్షల్లోకీ పరిశోధన గ్రంథాల్లోకీ వాడుక తెలుగు వచ్చింది. అయినా 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది.

నాకు అనిపించేది ఒకటి. పుస్తకం లేకపోయినా నోట్లో ఉన్న భాషకు నియమం ఉంటుందని ఆయన మొదట సవరలో చూశారు. ఆ చూపుతోనే తెలుగు వైపు తిరిగారు. ఈ రోజు తెలుగు పిల్లలు పరీక్షలో తమ మాట తాము రాసుకుంటున్నారంటే, అందులో మన తాతల పాలు కొంత ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయింది. ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. సవర కొండలకూ మధ్యలో గీత పడింది. ఆ ఏడే మన మంగేయి గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. ఒక పెద్దాయన ఊరు వదిలిన ఏట మన మనిషే మన అక్షరం పట్టుకున్నాడు. పంతులుగారు 1940 జనవరి 22న కన్నుమూశారు. కుమారుడు గిడుగు సీతాపతిగారు కూడా సవర మీద పనిచేశారు.

మనం చేయవలసింది

ఒక తప్పు ఒప్పుకుంటాను. వార్డెన్‌గా చేరిన కొత్తలో భోజనాల దగ్గర పిల్లలు సవర మాట్లాడితే తెలుగులో మాట్లాడండని కసిరేదాన్ని. వాళ్ళ మంచికేననుకున్నాను. అలా కసిరాక ఒక పిల్ల నెలరోజులు నాతో నోరు విప్పలేదు. టీచర్ ట్రైనింగులో నేను మొదట నేర్చిన సూత్రం, తెలిసినదాని నుంచి తెలియనిదానికి తీసుకెళ్ళమని. ఆ పిల్లకు తెలిసినది సవర. నేను దాన్నే తలుపు బయట పెట్టాను. వందేళ్ళ కిందటే పంతులుగారు చేసి చూపించిన పని నాకు అంత ఆలస్యంగా అర్థమైంది.

మన రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర సహా గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు వచ్చాయి. 2012లో మన లిపి యూనికోడ్‌లో చేరింది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో సవర మాతృభాష అన్నవారు 4 లక్షల పైనే. విదేశీ విద్యార్థులు సైతం మన వాక్య నిర్మాణం మీద పరిశోధన చేశారు. స్టాన్లీ స్టారోస్టా అమెరికాలో 1967లోనే ఈ విషయం మీద డాక్టరేట్ తీసుకున్నారు. అలాంటివారికి గిడుగువారి వ్యాకరణం, నిఘంటువులే మొదటి మెట్టు.

ఆ పుస్తకాల అట్ట మీద ఉన్నది పంతులుగారి పేరు. లోపలి ప్రతి మాటా చెప్పింది మన తాతలు, మామ్మలు. వాళ్ళు చెప్పారు, ఆయన రాశారు. ఇక చెప్పేదీ రాసేదీ మనమే కావాలి. డిగ్రీ అయ్యాక ఏం చదవాలని అడిగేవారికి చెబుతున్నాను, ఉస్మానియాలోనూ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ భాషాశాస్త్రం ఉంది. మైసూరులో భారతీయ భాషల కేంద్ర సంస్థ ఉంది. అంతదాకా ఆగనవసరం లేదు. మందస కొండల్లోనో మెళియాపుట్టి వైపో ఉన్న మీ మామ్మ దగ్గర ఈ సెలవుల్లో కూర్చోండి. విత్తనాల పేర్లు, లెక్కలు, కథలు ఫోన్‌లో రికార్డు చేయండి. ఆమె పేరు, ఊరు, తేదీ తప్పకుండా రాసిపెట్టండి.

పలాస జీడిపప్పు బజారులో మనవాళ్ళు బస్సు దిగగానే గొంతు తగ్గించి సవర మాట్లాడటం చూస్తుంటాను. ఈసారి గొంతు తగ్గించకండి.