నీలిరంగుతో కొలిచిన మన సుబ్బారావు గారు

ఈ నెల సైన్సు పేజీ నా వంతు వచ్చింది. సినిమా వాళ్ళ గురించి రాయమని మా రూములో గొడవ చేశారు గానీ నేను యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించే రాస్తున్నాను.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇంట్లో డబ్బుకు కటకట. పదమూడేళ్ళప్పుడు అరటిపళ్ళు అమ్ముకుని బతుకుదామని కాశీకి పారిపోతుంటే వాళ్ళమ్మ పట్టుకొచ్చి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. (సప్లిమెంటరీ రాసేవాళ్ళు ఈ లైను రెండుసార్లు చదవండి.) మెడికల్ కాలేజీలో గాంధీ గారి పిలుపు విని ఖద్దరు గౌను తొడిగితే సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఆఖరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ డిగ్రీ చేతిలో పెట్టారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు.

తర్వాత మామగారి సాయంతో అమెరికాలో బోస్టన్ వెళ్ళారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్ళీ ఇండియా రాలేదు. పుస్తకాల్లో ఈ సంగతి ఒక్క లైనులో దాటేస్తారు. దసరా సెలవులకు రోజులు లెక్కపెట్టుకునే మనకు ఆ లైను చిన్నదిగా అనిపించదు.

బోస్టన్‌లో రాత్రిళ్ళు ఆసుపత్రిలో పోర్టరు పని చేశారు. హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి 1925లో ఫాస్ఫేటును కొలిచే పద్ధతి కనిపెట్టారు. రక్తం లాంటి దాంట్లో మాలిబ్డేటు కలిపి, ఇంకో రసాయనం వేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. అంతే! ఆ పద్ధతితోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా ఏ.టి.పి.ని కనుక్కున్నాడు.

ఫాస్ఫేటు కొలిస్తే ఏమిటి లాభం అంటారా? కల్లు కుండలో నురగ తెప్పించే ఈస్టు సంగతి చూడండి. (కల్లు సంగతి నాకెలా తెలుసని వార్డెన్ సార్లు అడగకూడదు.) ఈస్టు కణం మొగ్గ తొడిగి రెండవుతుంది. విభజన మొదలవ్వాలంటే కొన్ని ఎంజైములు ఏ.టి.పి. నుంచి ఫాస్ఫేటు తీసి ప్రోటీన్లకు తగిలిస్తాయి. మరి విభజన ముగియాలంటే? తగిలించినవి ఊడదీయాలి. ఊడదీసే ఎంజైములే ఫాస్ఫటేజులు. ఈస్టులో ముఖ్యమైన దాని పేరు సిడిసి14. అది చాలాసేపు కేంద్రకాంశంలో కట్టేసినట్టు ఉంటుంది. క్రోమోసోములు రెండు వైపులకూ విడిపోయాక బయటికొచ్చి ఫాస్ఫేట్లు పీకేస్తుంది. అది పనిచేయకపోతే తల్లికణం, మొగ్గ విడిపోక అక్కడే ఆగిపోతాయి. ఇదంతా సుబ్బారావు గారు పోయిన చాలా ఏళ్ళకు తెలిసింది. అయితే ఫాస్ఫటేజు ఎంత ఫాస్ఫేటు ఊడదీసిందో కొలవడానికి ప్రయోగశాలల్లో చాలాకాలం ఆయన నీలిరంగే వాడారు.

ఇంత చేసినా హార్వర్డులో పర్మనెంటు ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అది మందు. వాళ్ళకు అందలేదు, అప్పటికి చాలా ఏళ్ళు దాటిపోయింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందును కూడా వాళ్ళే చేశారు. కణాల విభజనను ఆపే ఆ మందును 1947లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇస్తే కొందరు కొంతకాలం తేరుకున్నారు. బోదకాలుకు మన జిల్లాల్లో పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుంచి వచ్చిందే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలో గుండె ఆగి పోయారు. నోబెల్ రాలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. అంతకు ముందే, 1953లో, ఒక శిలీంధ్రానికి ఆయన పేరు కలిపి సుబ్బారోమైసిస్ అని పెట్టారు. ఈస్టు కూడా శిలీంధ్రమే.