అడా లవ్‌లేస్ – తప్పును దాచని పట్టిక

శాస్త్రరంగంలో కీర్తి గడించిన వారు ఎందరో ఉన్నారు. కాని తాము వేసిన ప్రతి అడుగును ఇతరులు పరీక్షించుటకు వీలుగా లిఖించి పోయినవారు అరుదు. అట్టివారిలో అడా లవ్‌లేస్ ఒకరని మేము భావిస్తాము.

ఈమె 1815 డిసెంబరు 10న లండనులో జన్మించారు. తండ్రి ఆంగ్ల మహాకవి బైరన్. తల్లి అనబెల్లా గణితాభిమాని. దంపతులకు పొసగలేదు. ఐదు వారాల పసికందుతో తల్లి పుట్టింటికి చేరింది. 1824లో గ్రీసు దేశంలో కన్నుమూసిన తండ్రిని అడా ఎరుగనే ఎరుగరు. తండ్రి ఆవేశం బిడ్డకు అబ్బరాదని తల్లి చిన్ననాటి నుండే గణితం చెప్పించింది.

1833లో, పదిహేడేండ్ల ప్రాయంలో, ఈమెకు చార్లెస్ బాబేజ్ పరిచయమైనాడు. ఆయన లెక్కల యంత్రపు నమూనా ఈమెను ముగ్ధురాలిని చేసింది. 1835లో వివాహమైనది. ముగ్గురు బిడ్డల తల్లి అయిన పిదప కూడ చదువు విడువలేదు. 1840లో ఈమెకు గణితం నేర్ప పూనుకొన్న డి మోర్గన్ మన దక్షిణదేశపు మదురైలో పుట్టినవాడు కావడం విశేషం.

బాబేజ్ తలపెట్టిన అనలిటికల్ ఇంజిన్‌ను గూర్చి మెనబ్రియా అను ఇటలీ ఇంజనీరు 1842లో ఫ్రెంచి భాషలో వ్యాసం ప్రకటించాడు. అడా దానిని 1843లో ఆంగ్లీకరించి, ఏడు వ్యాఖ్యలు జోడించారు. వ్యాఖ్యలు మూలాన్ని మించి పెరిగాయి. వాటి క్రింద మూడు పొడి అక్షరాలు తప్ప పూర్తి పేరు లేదు.

చివరి వ్యాఖ్యలో బెర్నూలీ సంఖ్యను యంత్రం గణించే విధానం 25 మెట్ల పట్టికగా ఉంది. మిర్యాలగూడ బియ్యపు మిల్లు గుమాస్తా చిట్టాలో రాక, పోక, నిలువ వేర్వేరు గడులలో రాసినట్లు, ప్రతి మెట్టుకు చేయవలసిన క్రియ, అందులో పాల్గొనే అంకెలు, ఫలితం చేరే చోటు, మారిన విలువ వరుసగా కనిపిస్తాయి.

మేము సాహిత్యం బోధించేవారము. అయినను సూర్యాపేట, కోదాడల నుండి వచ్చే ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు మైక్రోకంట్రోలర్ డీబగ్గర్‌ను మాకు చూపినపుడు ఈ పట్టికయే స్ఫురించినది. యంత్రసంకేతాలను మనిషి చదువగల ఆజ్ఞలుగా మార్చి చూపుట డిస్‌అసెంబ్లీ. జరిగిన ఆజ్ఞలను వరుసగా నమోదు చేయుట ట్రేస్. చిరునామా, సంకేతం, ఆజ్ఞ, రిజిస్టర్ల విలువలు – వీటిలో ఏవి తెరపై ఉండవలెనో మనమే నిర్ణయించుకోవాలి. అన్నీ చూపితే దోషం గుంపులో కలిసిపోతుంది. కొన్నే చూపితే కనబడకుండ పోతుంది.

అడా పట్టికలోను దోషం ఉన్నది. నాల్గవ మెట్టున నాల్గవ గడి అంకెను ఐదవ గడి అంకెతో భాగించవలసి ఉండగా తలక్రిందులుగా అచ్చయింది. 7ను 9తో భాగించవలసిన చోట 9ని 7తో భాగించినట్లయింది. కాని ఫలితపు గడిలో సరియైన భిన్నమే ఉన్నది. రెండు గడులను సరిపోల్చినవారికి తప్పు తానే పట్టుబడుతుంది.

ఆ యంత్రం ఆమె జీవితకాలంలో నిర్మాణం కాలేదు. గుర్రపు పందేల అప్పులు, దారుణవ్యాధి ఆమెను క్రుంగదీశాయి. 1852 నవంబరు 27న 36వ ఏట మరణించి, ఎరుగని తండ్రి ప్రక్కనే సమాధి అయినారు. 1979లో అమెరికా రక్షణశాఖ తన కంప్యూటర్ భాషకు అడా అని పేరు పెట్టింది.

జవాబు తప్పగానే చిత్తుకాగితం చించివేసే మన విద్యార్థులు ఈ పట్టికను ఒకసారి చూడాలి. మెట్లు మిగిలి ఉంటేనే ఏ మెట్టున కాలు జారినదో తెలుస్తుంది.