మార్లవాయిలో నిదురిస్తున్న హైమన్‌డార్ఫ్



చిక్కడపల్లి గ్రంథాలయం ముందు తెల్లవారగానే బ్యాగులతో నిలబడే యువతీ యువకులను మనం రోజూ చూస్తూనే ఉంటాం. అశోక్‌నగర్ ఇరుకు గదుల్లో ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదివే ఆ పిల్లల్లో కొందరు ఉట్నూరు, జైనూరు వైపు నుండి వచ్చిన గోండు, కొలాం బిడ్డలు. ఒకరిద్దరు ఆదివారం నారాయణగూడలో మన వెనుక బల్లల మీద కూర్చుంటారు. వారి ప్రాంతంలో ఇప్పటికీ ఏటా జనవరి 11న ఒక విదేశీ దంపతుల వర్ధంతి జరుపుతారు. ఆ పేరు మనలో చాలామందికి తెలియదు. ఈ వారం ఆ జీవితాన్ని జ్ఞాపకం చేసుకుందాం.

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో జన్మించారు. మానవశాస్త్రం చదివి, నాగా కొండల్లో పరిశోధన చేశారు. భార్య బెట్టీ ఎలిజబెత్ ఆంగ్లేయురాలు. రెండవ ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వారి లెక్కలో ఆయన శత్రుదేశ పౌరుడు. నిజాం రాష్ట్రం దాటకుండా ఉండాలన్న షరతు మీద ఇక్కడ ఉండనిచ్చారు. ఆ నిర్బంధాన్నే ఆయన పనిగా మార్చుకున్నారు. నల్లమల చెంచుల మధ్య, గోదావరి కొండరెడ్ల మధ్య, తరువాత ఆదిలాబాద్ గోండుల మధ్య దంపతులిద్దరూ నివసించారు.

అప్పటికి ఆదిలాబాద్ అడవి రగులుతున్నది. రైలు, రోడ్లు పడ్డాక బయటి రైతులు, వడ్డీ వ్యాపారులు లోపలికి వచ్చారు. ఇంకోవైపు అటవీ శాఖ హద్దురాళ్లు పాతి, తరతరాలుగా దున్నిన చేలను రిజర్వు అడవి అన్నది. గోండులకు చాలాచోట్ల ఉన్నది శివాయిజమా సాగు మాత్రమే. అంటే దున్నుకోవచ్చు, శిస్తు కట్టవచ్చు, కానీ పట్టా ఉండదు. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. కాగితం చదవగలిగినవాడు కచేరీకి వెళ్లి ఆ భూమిని తన పేర రాయించుకునేవాడు. ఈ అన్యాయం మీద తిరగబడిన కొమరం భీమ్ 1940లో జోడేఘాట్‌లో ప్రభుత్వ తుపాకులకు నేలకొరిగాడు.

ఆ తిరుగుబాటుకు కారణమేమిటో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను కోరింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండి నేర్చుకున్నారు. కచేరీ దస్త్రాలతో సరిపెట్టుకోలేదు. ఏ చేను ఎవరు దున్నుతున్నారో ఊరూరా తిరిగి తెలుసుకున్నారు. ఆకలి కంటే ముందు భూమి పోయిందని, భూమి కంటే ముందు అక్షరం లేకపోయిందని ఆయనకు అర్థమైంది. అందుకే 1943లో మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణా కేంద్రం మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు తయారయ్యాయి. 1945లో ఆయన గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు, ఉస్మానియాలో పాఠాలూ చెప్పారు. 1940ల చివరికి ఆదిలాబాద్‌లో 11,000కు పైగా గిరిజన కుటుంబాలకు దాదాపు 1,60,000 ఎకరాలకు పట్టాలు అందాయి.

ఆయనను మచ్చలేనివానిగా చూపడం మా ఉద్దేశం కాదు. భీమ్‌ను చంపిన ప్రభుత్వం కిందనే ఆయన పని చేశారు. భీమ్ రక్తం కారకపోతే ఆ ప్రభుత్వం వినేదా అన్నది న్యాయమైన ప్రశ్న. అయితే ప్రభుత్వం అడిగినప్పుడు, దానికి నచ్చే మాట కాక, చేలో విన్న మాటనే ఆయన రాశారు.

1949 తరువాత ఆయన లండన్‌లో ఆచార్యులయ్యారు. 1970లలో తిరిగి వచ్చి చూసేసరికి, పట్టాలిచ్చిన భూములే చాలావరకు చేతులు మారి ఉన్నాయి. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని 1959లో నిబంధన వచ్చింది, 1970లో దాన్ని మరింత బిగించారు. అదే 1/70. అయినా రోడ్డు ఎంత దూరం వెళితే అంత దూరం ఆక్రమణ వెళ్లింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం కూడిన గోండుల మీద కాల్పులు జరిగాయి. మరుసటి ఏడు వెలువడిన తన గ్రంథంలో హైమన్‌డార్ఫ్ ఈ నష్టాన్ని దాచకుండా నమోదు చేశారు.

బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలో సమాధి చేశారు. 1995లో లండన్‌లో మరణించిన ఆయన చితాభస్మం కూడా తరువాత ఆమె ప్రక్కకే చేరింది.

ఈ కథ చెప్పేటప్పుడు మాకు మా తప్పు ఒకటి గుర్తుకొస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక ఏజెన్సీ గూడెంలో బోరు వేయించడానికి విశ్వాసుల కానుకలతో వెళ్లాం. జీపు వెళ్లగలిగిన చోట, రోడ్డు ప్రక్కన వేయించాం. ప్రార్థన చేసి, ఫోటో దిగి వచ్చాం. వేసవికి అది ఎండిపోయింది. నీరు ఎక్కడ నిలుస్తుందో ఆ ఊరి స్త్రీలకు ముందే తెలుసు. మేము అడగలేదు, అంతే. ఇచ్చేవారిమన్న గర్వం మా చెవులు మూసింది.

నాబోతు ద్రాక్షతోట మనకు కొత్త కథ కాదు. అహాబు మంచి ధర ఇస్తానన్నాడు, ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు. నాబోతుకు అది పితరుల స్వాస్థ్యము. రాజు లెక్కలో అది కూరతోటకు అనువైన స్థలం మాత్రమే. మరోవైపు సెలోపెహాదు కుమార్తెలు తమ తండ్రి భూమిని అడిగినప్పుడు, మోషే వారి మాట విని దేవుని సన్నిధికి తీసుకువెళ్లాడు. ఏజెన్సీకి వెళ్లే సంఘం అహాబు వలె వెళుతుందా, మోషే వలె వెళుతుందా?

కాబట్టి సంఘ పెద్దలకు మా మనవి. అక్కడ ప్రార్థనా మందిరమైనా, పాఠశాలైనా, బోరైనా తలపెట్టే ముందు గ్రామసభలో కూర్చుని వినండి. 1/70ని తప్పించుకోవడానికి వేరొకరి పేర భూమి రాయించుకోవడం సేవ కాదు, అది దొంగతనమే. అశోక్‌నగర్‌లో చదువుకుంటున్న ఆ బిడ్డలను ఒక ఆదివారం భోజనానికి పిలవండి. వారి ఊరి సంగతులు వారినే చెప్పనివ్వండి. రేపు వారిలో ఒకరు తహసీల్దారు కుర్చీలో కూర్చోవచ్చు. తమ ఊరి భూమి కాగితం తామే చదివి, తామే రాసే ఆ దినం కొరకు ప్రార్థించుదము.